మామా కబీరా కట్టెల మోపు

బెల్టు తిరుగుతూనే ఉంది. పెట్టెలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆ నీలం పెట్టె అప్పుడే నాలుగు చుట్లు తిరిగింది, దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు పాపం, తన సంచీ కూడా అట్లాగే దిక్కులేనిదై తిరిగి తిరిగి ఆ రబ్బరు తెరల వెనక్కి పోయి, మళ్ళీ విమానమెక్కి లండనుకు పోతే ఎంత బాగుంటుంది అనుకుంటూ ఉండగానే జమీలా సంచీ వచ్చేసింది. ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కుకుపోయి, నెలలు నిండిన మేకలాగా ఒరిగి వచ్చింది. జిప్పు చివర రెండు వేళ్ళ సందులోంచి ఒక పుల్ల కొన బయటికి చూస్తోంది. లండనులో ఎక్కేటప్పుడు లోపలే ఉన్నది, దారిలో ఏం తోచిందో ఏమో, దోహా చూద్దామని తల బయటపెట్టింది. ఆ సంచీలో జమీలావి మూడు జతల బట్టలు, ఒక దువ్వెన, ఒక డైరీ. మిగతాదంతా కట్టెలు. ఏడు కట్టెలు, నల్ల గుడ్డ పేలికతో మూడు ముళ్ళు వేసి కట్టిన మోపు, వేల్స్ దేశపు అడవిలోంచి, ఏదీ తీసుకుపోవద్దని బోర్డు పెట్టిన అడవిలోంచి తెచ్చినవి.

తెచ్చింది మామా కబీరా. దోహా పక్కన ఉమ్ సలాల్‌లో జమీలా నాయన మౌలాలి డ్రైవరుగానూ అమ్మ వంటమనిషిగానూ పనిచేసే ఇంటికి ఆమె పెద్దామె. పనివాళ్ళందరికీ ఆమె మామా కబీరా, అంటే అరబ్బీలో పెద్దమ్మ, ఆమె కొడుకు బాబా. పదో తరగతి అయిపోయి ఊళ్ళో రెండేళ్ళు ఊరికే కూర్చున్న జమీలాకు బాబానే వీసా తీశాడు, ముసలామెకు మందులు అందించడానికి, కాళ్ళు పట్టడానికి, కళ్ళజోడు వెతకడానికి, అది ఆమె నెత్తిమీదే ఉందని మెల్లగా చూపించడానికి. "అడిగితే నీవని చెప్పు" అని విమానం దిగేముందు మామా కబీరా జమీలా చెవిలో చెప్పింది, చెవిలో అంటే నాలుగు వరసల దాకా వినబడేట్టు, అదృష్టం, బాబా ఐదో వరసలో ఉన్నాడు. ఇంట్లో నాలుగు గ్యాసు పొయ్యిలు ఉండగా తల్లి పరదేశం పోయి పుల్లలేరుకొచ్చిందంటే కొడుకు నలుగురిలో తలెత్తుకోలేడట. జమీలా తల ఊపింది. తల ఊపితే మాట ఇచ్చినట్టే కదా. ఆ తర్వాత మామా కబీరా చక్రాల కుర్చీలో కూర్చుని, బాబా వెనక నడుస్తుంటే, ఊరేగింపులాగా ముందు దారిలో వెళ్ళిపోయింది. మిగిలింది సామాన్లు, జమీలా. ఎవడైనా సంచీ తెరిచి ఇవి ఎవరివి అంటే? నావి అన్నదా, పరాయి దేశపు సర్కారు అడవిలో దొంగతనం చేసిన పనిపిల్ల, వీసా పోతుంది, దాని వెనకే నాయన డ్యూటీ పోతుంది. మామా కబీరావి అన్నదా, ఇచ్చిన మాట పోతుంది. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, రెండిట్లో ఏది అనాలన్నా ముందు నోరు తెరవాలి.

నోరు తెరవడం జమీలాకు ఏనాడూ చేతకాలేదు. బళ్ళో హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, ప్రెజెంట్ సార్ అనడానికి గొంతు వచ్చేది కాదు, అయివారు పుస్తకంలోంచి తల ఎత్తేవాడు కాదు, అట్లా ఒక నెలంతా ముందు బెంచీలో కూర్చునే బడికి రాని పిల్ల అయిపోయింది. ఉమ్ సలాల్ ఇంట్లో ఫోను మోగితే ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి పీలుస్తూ నిలబడుతుంది, బాబా స్నేహితులు లైను బాగాలేదని రెండుసార్లు కంప్లయింటు ఇచ్చారు. నోటితో అననివన్నీ రాత్రి డైరీలో రాస్తుంది. అబూ హమూర్ మార్కెట్లో కూరగాయల వ్యాపారి నాయనకు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ అది, అరబ్బీ డైరీ, కుడి నుంచి తెరుచుకుంటుంది. తెలుగు ఎడమ నుంచి కదా, అందుకని ఆమె వెనకనుంచి మొదలుపెట్టింది. అందులో అచ్చువేసిన డిసెంబరు ఆమెకు జనవరి.

"ఏంది చెల్లె, గింత బరువున్నది? రాళ్ళేసుకొచ్చినవా?" పోర్టరు ఆమె సంచీని ట్రాలీ మీదికి ఎత్తి, అర్థమవుతుందో లేదో చూసుకోకుండానే తెలుగులో అడిగాడు. సంచీ ఎక్కడ జారుతుందోనని ఆమె తనకు తెలియకుండానే అమ్మో అంది, అది చాలింది అతనికి. "మన తెలుగోళ్ళేనా! నేన్ గంగన్న. మాది ఆర్మూరు దిక్కు. నీదేడ?" జమీలా పెదవులు కడప అనే ఆకారంలో కదిలాయి, చప్పుడు రాలేదు. "కడప్పా? మంచిదే. ఏం తెచ్చినవో గని, పుల్లలుంటె మాత్రం పరేషాన్. మొన్నొకామె పది కిలోల ఎండుచాపలు తెచ్చింది, గవి ఇడిచిపెట్టిన్రు. ఎన్కకెళ్ళి చీపురు ఎల్లింది, గది గుంజుకున్నరు." చీపురునే వదలలేదా. చీపురు పుల్లలు ఎంత, చిటికెన వేలిలో పావు ఉండవు, ఇవి ఒక్కొక్కటి ముంజేయంత ఉన్నాయి. ట్రాలీ చక్రం ఒకటి కీచుమంటోంది, లైను మెల్లగా కదులుతోంది, ఇంకా పదిమంది ఉన్నారు, పదిమందివీ పెద్ద పెద్ద పెట్టెలు, పైనున్న చల్లగాలి మిషను సరిగ్గా ఆమె మెడ మీద ఊదుతోంది, ఆ చలి తగలగానే మెడకు ఆ అడవి గుర్తొచ్చింది.

అక్కడ వాన ఆకాశం నుంచి పడదు, ఆకుల్లోంచి పడుతుంది. పైన ఎప్పుడో కురిసి వెళ్ళిపోయినదాన్ని చెట్లు దాచిపెట్టుకుని, మనిషి కిందికి రాగానే చూసి మరీ మెడలోకి ఒక చుక్క వదులుతాయి. ఓక్ చెట్లట. మన చెట్లలాగా నిటారుగా ఎదగవు, నడుము నొప్పి ఉన్న ముసలాళ్ళలాగా వంగి, మోకాళ్ళు మడిచి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడతాయి. ఒళ్ళంతా పచ్చటి నాచు, మొదలు నుంచి కొమ్మల దాకా స్వెట్టరు తొడుక్కున్నట్టు, రాళ్ళు కూడా దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి, ఆ దేశంలో చలి రాయిక్కూడా తెలుస్తుంది కాబోలు. బాబా కుర్రవాడుగా ఉన్నప్పుడు అక్కడే చదువుకున్నాడట, ఇది ఎవరూ నాటిన అడవి కాదమ్మా, దానంతటదే పుట్టి వేల ఏళ్ళుగా ఉన్నది అని మామా కబీరాకు గొప్పగా చెప్పాడు. ఆమె ముసుగు సర్దుకుని, "మరి దీనికి నీళ్ళు ఎవరు పోస్తారు?" అంది. ఉమ్ సలాల్ తోటలో పదహారు ఖర్జూరపు చెట్లకు ఇద్దరు పనివాళ్ళు, ఒక మోటారు. ఆమె ప్రశ్నలో తప్పేముంది.

వాళ్ళను తిప్పడానికి ఒకామె వచ్చింది, నెరిసిన జడ, ఆకుపచ్చ కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, పేరు నోరు తిరగక జమీలా డైరీలో బూట్లావిడ అని రాసుకుంది. ఆమె మొదట చేసిన పని పెదవుల మీద వేలు పెట్టుకోవడం. మాట్లాడొద్దు, మెల్లగా నడవండి, పిట్టలూ జంతువులూ కనబడతాయి. జమీలాకు అర్థం కాలేదు, ఇంగ్లీషు అర్థమైంది, సంగతి అర్థం కాలేదు. కనబడటానికా? వాళ్ళ ఊళ్ళో పాలకొండల అడవిలోకి కట్టెలకు పోయేటప్పుడు కనబడకూడదనే కదా తంటాలన్నీ. నాయన తల్లి, జేజి, ముందు నడుస్తూ కట్టెతో నేల కొట్టేది, వెనక ఆడవాళ్ళంతా రేకుడబ్బాలు వాయించేవాళ్ళు, ఓ ఎలుగన్నా, పక్కకు జరుగు నాయనా, మేం వస్తాండాం, అని కేక. జమీలా బతుకులో నోరారా అరిచిన చోటు అదొక్కటే, అక్కడ సిగ్గుపడితే ఎలుగుబంటికి ఆ సంగతి తెలియదు కదా. అందుకే తప్పు ఆమెది కాదు, కాళ్ళది, గొంతుది. చెట్ల నీడ మొదలై దారి సన్నబడగానే కాళ్ళు వాటంతటవే నేలను దబదబ తన్నాయి, గొంతు దానంతటదే ఓహోయ్ అని ఊరి కేక వేసింది. అడవి మొత్తం ఒక్కసారి లేచి ఎగిరిపోయింది. పిట్టలు, పిట్టలు, ఎక్కడున్నాయో అన్ని పిట్టలు, అన్నీ కలిసి ఇంకో దేశం పోయినట్టు. బూట్లావిడ చేతిలో పుస్తకం అట్లాగే తెరిచి ఉంది. బాబా దగ్గి, వాళ్ళ ఊళ్ళో అడవికి అట్లా సలాం చెబుతారు అన్నాడు. అబద్ధం కూడా కాదు. ఆ తర్వాత జమీలా మళ్ళీ మామూలు జమీలా అయిపోయి, సిగ్గుతో తల దించుకుని, నేల వైపే చూస్తూ నడిచింది. నేల వైపు చూడటమే కొంప ముంచింది.

నేల మీద కట్టెలు. ఎండు కొమ్మలు, విరిగిన కొమ్మలు, చేతికందేంత లావువి, ఎవరూ ముట్టనివి, ఏళ్ళ తరబడి పడి ఉన్నవి, దారి పక్కనే. ఊళ్ళో ఇట్లాంటి మూడు కొమ్మలకు రెండు కోసులు నడవాలి, పైగా గార్డు కంటపడకూడదు. చేతులు పీకాయి. వద్దు అనుకుంది, బోర్డు చదివింది కూడా, వెనక నడుస్తున్న ఇద్దరిలో చదవగలిగింది తనొక్కతే. పక్కకు చూస్తే మామా కబీరా చేతికర్ర ఆగిపోయింది. ముసుగులోంచి కళ్ళు ఆ కొమ్మల మీదే ఉన్నాయి, పెళ్ళి విందులో పళ్ళెం చూసినట్టు. "అల్లా! ఇవన్నీ ఎవరివి?" అంది. ఎవరివీ కావన్నట్టు జమీలా చేతులు తిప్పింది. చిన్నప్పుడు, గ్యాసూ చమురూ ఏమీ లేనప్పుడు, మామా కబీరా వాళ్ళమ్మతో తెల్లవారుజామున బయల్దేరి ఇసుకలో మధ్యాహ్నం దాకా నడిస్తే ఒడినిండా ముళ్ళపుల్లలు దొరికేవట, ఒక పుల్ల కోసం చెల్లెలితో జుట్టు పట్టుకుని కొట్టుకుందట, గెలిచిందట, ఇన్నేళ్ళయినా గెలిచినందుకు ఇంకా సంతోషంగానే ఉన్నది. ఆ తర్వాత ఎవరు ముందు వంగారో డైరీలో కూడా జమీలా సరిగ్గా రాయలేకపోయింది. ఇద్దరూ వంగారు. బాబా, బూట్లావిడ ముందు పోతూ వడ్రంగిపిట్ట గూడు చూస్తున్నారు, వెనక వీళ్ళు పొడుగ్గా ఉన్నవి మోకాలికి ఆనించి పుటుక్కున విరిచి, వంకరవి పారేసి, ఎవరూ నేర్పకుండా ఒకే పద్ధతిలో మోపు పేర్చారు. "ఇది పచ్చిది, పారెయ్" అని మామా కబీరా ఆమె చేతిలోది లాక్కుని చూపిస్తే, జేజి అరబ్బీలో తిట్టినట్టే ఉంది.

అంతలో ఆకుపచ్చ కోటు వెనక్కి తిరిగింది. చెట్ల మధ్య ఆకుపచ్చ కోటంటే జమీలా ఒంటికి ఒకటే అర్థం, గార్డు. మోపు పడేసింది, పరుగెత్తింది. వేల్స్ అడవిలో, వాగు దాటి, రాళ్ళెక్కి, ఒక చెప్పు వదిలేసి, కొడవలి గుంజుకుంటాడే జేజీ అని లోపల్లోపల అరుస్తూ, చేతిలో కొడవలి లేదన్న సంగతి కూడా మరిచిపోయి. వెనక్కి చూస్తే మామా కబీరా ఒక ఓక్ చెట్టు వెనక దాక్కుని ఉంది. చెట్టు సన్నం, ఆమె కాదు. నల్ల బురఖా రెండువైపులా కనబడుతోంది, చేతికర్ర ఇటు, హ్యాండుబ్యాగు అటు. బూట్లావిడ కేకలు వేయలేదు, పెన్ను తీయలేదు, పేరు రాసుకోలేదు. జమీలా చెప్పు తెచ్చి ఇచ్చింది. ఒక ఎండు కొమ్మ తీసి, బెరడు కొంచెం ఎత్తి లోపల చూపించింది, పురుగులు, గూళ్ళు, తెల్లటి గుడ్లు, ఇది కట్టె కాదు, ఒక వీధి, ఇందులో వందమంది కాపురం ఉంటారు, వీళ్ళను తిని ఆ పిట్ట బతుకుతుంది అంది. జమీలాకు సిగ్గుతో చెవులు కాలాయి. ఇంతకాలం ఊళ్ళో తన నెత్తి మీద ఎన్ని వీధులు మోసుకొచ్చి పొయ్యిలో పెట్టిందో! అన్నీ తిరిగి నేల మీద పెట్టేశారు. అన్నీ పెట్టేశామనే జమీలా అనుకుంది. ఆ సాయంత్రం గదిలో తలుపు గడియ వేసి మామా కబీరా నిలబడి ఒక్కొక్కటిగా ఏడు తీసింది. "అంత పెద్ద అడవికి ఏడు తక్కువైతే ఏం?" అంది.

"షూ హాదా?"

లైను ఎప్పుడు అయిపోయింది? బల్ల ముందు ఆఫీసరు, ఇస్త్రీ చేసిన చొక్కా, విసుగు మొహం, వేలు సరిగ్గా ఆ పుల్ల కొన మీద. ఏమిటిది? గంగన్న సంచీ బల్ల మీద పెట్టి, జమీలాను చూసి, పుల్లను చూసి, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు జిప్పు లాగాడు, మోపు బయటపెట్టాడు, వాసన చూశాడు. "ఊద్?" అన్నాడు, ధూపం వేసే ఖరీదైన కట్టేమోనని మొహంలో కొంచెం ఆశ. జమీలా తల అడ్డంగా ఊపింది. మళ్ళీ వాసన చూశాడు, బురద, వాన, తడిసిన కుక్క. మొహం ముడుచుకుంది. నల్ల పేలిక మూడు ముళ్ళు లెక్కపెట్టాడు. ఇది ఏదైనా మంత్రమా, ఎవరికి కట్టడానికి, ఎవరివి ఇవి అని అడిగాడు. నావి అను. అను జమీలా. మామా కబీరా తల ఊపించుకుని పోయింది కదా, నాయన బయట ఎండలో ఉన్నాడు కదా. గొంతులో ఏదో అడ్డం పడింది, పుల్ల కన్నా లావుగా. అప్పుడే ఒక బెరడు చీలికలోంచి చింతగింజంత పురుగు బయటికొచ్చి, మీసాలు ఆడించి, దోహాను ఒకసారి చూసుకుని, తిన్నగా ఆఫీసరు ముద్ర వేసే సిరాడబ్బా వైపు నడిచింది. వందమందిలో ఒకాయన. జమీలా అరచెయ్యి మూతలాగా దాని మీద పడింది.

అక్కడినుంచి ఆ చెయ్యి కదల్చడానికి లేదు. పురుగు లోపల వాకిలి వెతుక్కుంటూ తిరుగుతోంది, చిటికెన వేలు దాకా పోతుంది, వెనక్కి వస్తుంది, చక్కిలిగిలి పైకెక్కి భుజం దాకా వచ్చింది, నవ్వు వస్తోంది, ఏడుపు వస్తోంది, రెండూ ఒకే దారిలో తన్నుకుంటున్నాయి. ఆఫీసరు డైరీ తీశాడు. వద్దు. కట్టెలు తీసుకో, సంచీ తీసుకో, అది వద్దు. అతను తన పద్ధతిలో కుడినుంచి తెరిచాడు, అన్నీ తెల్ల కాగితాలే, జమీలాకు కాస్త ఊపిరి వచ్చింది. ఇంకా తిప్పాడు. అతని వైపునుంచి లెక్కపెట్టినా ఆమె వైపునుంచి లెక్కపెట్టినా జూలై నడిమధ్యనే ఉంటుంది. సరిగ్గా అక్కడ, జూలై రెండో తేదీ దగ్గర, గుండ్రటి తెలుగు అక్షరాలు రెండు పేజీలనిండా. అతని కనుబొమలు లేచాయి. "యా గంగా, ఇది మీ భాషేనా? చదువు. ఏం రాసిందో నాకు చెప్పు."

అన్నా చదవొద్దు, అన్నా నీకు దండం పెడతా, అని జమీలా కళ్ళతో అంది, కళ్ళతో అన్నవి ఎవరికి వినబడతాయి. ఆ పేజీ ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఈ రోజు మామా కబీరా, నేను అడవిలో కట్టెలు దొంగిలించినాము. బాబాకు తెలియదు. బాబా బూట్లు వేసుకుని బాతు మాదిరి నడిచినాడు. మామా కబీరా చెట్టు వెనక దాక్కుంటే చెట్టే ఆమె వెనక దాక్కున్నట్టు ఉంది. పుట్టినప్పటినుంచి ఎవరికీ వినబడని గొంతు మొత్తం ఆ కాగితంలో ఉంది, దాన్ని ఇప్పుడు ఆర్మూరు మనిషి బయటికి చదవబోతున్నాడు. గంగన్న ఒక లైను మీద వేలు పెట్టాడు. వేలు కదిలింది. మూడో లైనుకు మీసం వణికింది. ఏడో లైనుకు భుజాలు వణికాయి. రెండో పేజీకి వచ్చేసరికి గట్టిగా దగ్గు తెచ్చుకుని, రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏముంది?" అన్నాడు ఆఫీసరు.

గంగన్న నిటారుగా నిలబడి, సగం అరబ్బీ సగం హిందీ కలిపి, వార్తలు చదివినట్టు చెప్పాడు. "సార్, ఈ పిల్ల పొద్దున్నే లేచింది. నమాజు చేసింది. వాన పడింది. అడవి చూడ్డానికి పోయింది. వాన పడింది. చాలా చలి. ఒక ముసలామె దయతలిచి ఈ కట్టెలు ఇచ్చింది. పిల్ల కాల్చుకోకుండా గుర్తుగా దాచుకుంది. తర్వాత మళ్ళీ వాన పడింది."

"రెండు పేజీలూ వానేనా?"

"ఆ దేశం అట్లాంటిది సార్."

ఆఫీసరు అద్దాల తలుపు వైపు చూశాడు. బయట జూలై ఎండ తెల్లగా, చూస్తేనే కళ్ళు నొప్పి పుట్టేట్టు ఉంది. చేతిలో కట్టెను మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఈసారి మొహం ముడవలేదు. జమీలా వైపు తిరిగి, అధికారిలా కాదు, మామూలు మనిషిలా అడిగాడు. "నిజంగా రోజూ పడుతుందా?"

"రోజూ" అంది జమీలా. తనే అంది. గొంతులో అడ్డం ఉన్నదేదో తొలగి, మాట అరబ్బీలో చక్కగా బయటికొచ్చి బల్ల మీద నిలబడింది. ఆఫీసరు నిట్టూర్చి కట్టెలు సంచీలో తోసి, డైరీ పైన పెట్టి, ఇక పొమ్మన్నట్టు యల్లా అన్నాడు.

ట్రాలీ కీచుమంటూ కదిలింది. పది అడుగులు పోయాక గంగన్న పక్కకు వంగాడు. "చేతిల ఏమున్నది?"

"పురుగు."

"వీసా ఉన్నదా దానికి?"

జమీలా పక్కున నవ్వింది. సంచీ సందులో ఉన్న పుల్ల కొన దగ్గర పిడికిలి తెరిస్తే, పురుగు ఒక క్షణం ఆలోచించి బెరడులోకి దూరింది. గంగన్న ట్రాలీ ఆపేశాడు. "ఇగ జెప్పు. గా బూట్లావిడ నీళ్ళ కాడ గూసోమన్నది, కదలొద్దన్నది, అప్పుడు నీళ్ళల్ల, అని రాసి ఇడిచిపెట్టినవ్. గట్లెట్ల ఇడిచిపెడ్తరు? నీళ్ళల్లకెళ్ళి ఏమొచ్చింది?"

"ఆడ పెన్ను అయిపోయింది."

"పెన్నయితె ఏంది, నోరున్నది గదా!"

ఉన్నది. జమీలా చుట్టూ చూసింది, ఎవరూ ఆమెను చూడటం లేదు, ఒక్క గంగన్న తప్ప, అతను నిజంగా తెలుసుకోవాలని చూస్తున్నాడు. "నీటికుక్క అన్నా" అంది. "నల్లగా, నున్నగా, మీసాలు. అది యానాడూ మనుషుల ముందుకు రాదంట. అరగంట కూర్చుంటిమి. బాబా కదిలినాడు, బూట్లామె తుమ్మినాది, నాకు చీమ కుట్టె. మామా కబీరా మాత్రం బొమ్మ మాదిరి కూర్చోనుండాది. వంగదు, తిరగదు. ఎందుకో తెలుసునా? కట్టెలు ఏడూ బురఖా లోపల నిలువునా పెట్టుకోనుండాది! వంగితే పొడుస్తాయి. ఇట్లా కదలకుండా కూర్చునే మనిషిని నేను చూడలేదని బూట్లామె మెచ్చుకుంటాంటే బాబా ఎంత పొంగిపాయనో. అప్పుడు అది నేరుగా మామా కబీరా కాళ్ళ కాడికే వచ్చినాది."

"వచ్చి?"

"ఆమె దానికి సలాం చెప్పింది."

"అరె! అదేం జేసింది?"

తలుపులు తెరుచుకున్నాయి, వేడి మొహాన కొట్టింది, జమీలా ఆగలేదు, చేతులతో మీసాలు చూపిస్తూ, అది నిలబడిన తీరు తను నిలబడి చూపిస్తూ, గంగన్న ట్రాలీ పక్కన అడ్డంగా నడుస్తూ చెబుతూనే ఉంది. కారు దగ్గర, ముందు సీట్లో ఏమీ ఎరగనట్టు కూర్చున్న మామా కబీరా వైపు కారు తలుపు వేస్తున్న నాయనకు ఒక ఆడపిల్ల గొంతు వినబడింది, గట్టి గొంతు, మధ్యలో నవ్వుతోంది, అచ్చం తమ ఊరి యాస. ఎవరి పిల్లో, మన వైపుదే అనుకుని మౌలాలి మునివేళ్ళ మీద లేచి, తన కూతురి తల మీదుగా వెనకకు చూశాడు.